పడుగు రాళ్లకు నంబరు

జూన్ 14, 2022

అమ్మ చనిపోయిన డిసెంబర్‌లోనే ఈ డైరీ కొన్నాను. గుండెలో ఉన్నదంతా రాసేసుకుంటే తేలికవుతుందని శ్రీకారం చుట్టాలనుకున్నాను. ఇన్నాళ్లూ ఒక్క అక్షరం పడలేదు. ఇవాళ పెన్ను పట్టింది దుఃఖంతో కాదు, ఉద్యోగం వల్ల. నాకే నవ్వొస్తోంది.

మా ఊరు గ్రామ పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయిందే గానీ, ఊళ్లో తనకు ఏమేం ఉన్నాయో మున్సిపాలిటీకే తెలియదు. ఎన్ని బోర్లు, ఎన్ని మురుగు మోరీలు, ఏ ట్యాంకు ఎప్పుడు కట్టింది, ఏదీ లేదు. ఆ లెక్క తీసే పని కాంట్రాక్టు మీద నాకిచ్చారు. శిక్షణ ఇవాళ్టితో అయిపోయింది. ప్రతి వస్తువుకూ ఫోన్లో ఫోటో తీయాలి, బాగుందా, పాడైందా నొక్కాలి, ఇంకా ఎన్నేళ్లు పనికొస్తుందో రాయాలి, నీలి రంగుతో దాని మీద నంబరు వేయాలి. ఒక సంచీ, ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు. హైదరాబాద్ నుంచి వచ్చిన సారు చివర్లో ఒక మాట అన్నాడు: "పట్టికలో లేనిది ఊళ్లో లేనట్టే. పట్టికలోకి ఎక్కితే దాన్ని ఎవ్వరూ ముట్టలేరు."

ఆ మాట నాకు బాగా నచ్చింది. అమ్మను కూడా ఏదో ఒక పట్టికలో ఎక్కించి ఉంటే బాగుండేది.

జూన్ 21

బోర్లు, బోర్లు, బోర్లు. సగం వాటికి హ్యాండిల్ లేదు. "బోరుకు ఫోటో ఎందుకమ్మా, పెండ్లి చేస్తరా?" అని అడిగింది ఒక ముసలావిడ. సంబంధం చూస్తున్నామని చెప్పాను.

జూన్ 27

ఇవాళ మా గల్లీ.

మా గల్లీకి ఈ కొసన ఒక రాయి, ఆ కొసన ఒక రాయి. నడుం ఎత్తున పాతిన నల్లరాళ్లు. ఎవరి తాత పాతాడో ఎవరికీ తెలియదు. చీరకు నిలువుగా వచ్చే పడుగు దారాలను మగ్గం మీదికి ఎక్కించే ముందు తెల్లవారుజామున ఈ రెండు రాళ్ల మధ్య బిగించి సాగదీసి, పోగు పోగూ సరిచూసుకుంటారు. గల్లీలో ఎవరి పడుగైనా ఇక్కడికి రావాల్సిందే. ఎగువ కొసన మీది రాయి దగ్గర బాపు నిలబడేవాడు, దిగువన కింది రాయి దగ్గర అమ్మ. ఊహ తెలిసిన దగ్గర్నుంచి నేను అమ్మ పక్కన నిలబడి పడుగు కొసన ఉండే కర్ర పట్టుకునేదాన్ని.

ఇప్పుడు గల్లీకి వచ్చేది కొత్త సిమెంటు రోడ్డు, రెండు పక్కలా మోరీలు. నంబరు లేనివన్నీ కాంట్రాక్టరు తీసేస్తాడని ఇంజినీర్ నరేశ్ సార్ అన్నాడు. ఫోన్లోని జాబితాలో వెతికాను. బెంచీ ఉంది, వీధి దీపం ఉంది, పడుగు రాయి ఎక్కడుంటుంది? ఆఖరికి "చారిత్రక కట్టడాలు" అని కనపడింది. నొక్కాను. కింద సన్న అక్షరాల్లో ఏవో నియమాలున్నాయి, రేపు చదవాలి. స్థితి: బాగుంది. రెండు రాళ్ల మీదా నీలి నంబరు వేశాను. గర్వంగా ఉంది, దాచుకోవడం ఎందుకు.

బాపు చూసి చాలాసేపు రాయి చుట్టూ తిరిగాడు.

"పసుపు పెట్టే జాగల నంబరేసినవేంది బిడ్డా?"

"ఇగ దీన్ని ఎవ్వరు ముట్టరు బాపు. సర్కారు పట్టికల ఎక్కింది."

"మన రాయి సర్కారు పట్టికల ఎందుకు?"

"మనది అని ఎక్కడ రాసుంది చెప్పు?"

ఆయన వంగి నంబరును దగ్గరగా చూశాడు. "సదువుకున్నదానివి, నీకెర్క" అన్నాడు. తర్వాత గల్లీలో కనపడ్డవాళ్లందరికీ ఆ నంబరు చూపించాడు.

జూలై 3

అమ్మ పడుగును బాపు మళ్లీ బయటికి తీశాడు. ఎండ తగిలించి మళ్లీ పెట్టెలో పెట్టాడు.

బొమ్మ రావాల్సిన చోటల్లా రంగు అంటకుండా అమ్మ చేత్తో కట్లు కట్టిన ఆఖరి పడుగు అది. పట్టు. చిలకల అంచు. రంగులు అద్దడం అయింది, కట్లు విప్పడమే మిగిలింది, అప్పుడే ఆమె దవాఖానలో పడింది. సంవత్సరీకానికి అది చీరై ఆమె ఫోటో ముందు ఉండాలని బాపు పట్టుదల. వానల్లో పడుగు సాగదీయలేం కాబట్టి దసరా వెళ్లాక రాళ్లకు కడతాడట. రాళ్లకు బిగించాకే కట్లు విప్పాలి, ముందే విప్పితే దారాలు చెదిరి చిలకలు చిలకల్లా ఉండవు.

"ఆ చీర ముందు మీ అమ్మకు సూపెట్టి, ఎన్క నీకు కట్టబెడ్త" అన్నాడు. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను.

ఎదురింటి సైదమ్మ పెద్దమ్మ ఆ పడుగు చూసి గొణిగింది. "సైకిల్ ట్యూబు ముక్కలతోని కట్టిన కట్లు గివి. ఎక్కువ నాళ్లు ఉంటే రబ్బరు కరిగి పట్టుకు అంటుకుంటది ధర్మన్నా. జల్ది విప్పు."

"దసరా ఎంత దూరం లే వదినా" అన్నాడు బాపు.

ఆగస్టు 9

వాన. వాటర్ ట్యాంకు ఎక్కి ఫోటో తీశాను. పై నుంచి మా గల్లీ కనిపించింది. మీది రాయి, కింది రాయి.

సెప్టెంబర్ 12

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే జేసీబీ వచ్చింది. సైదమ్మ పెద్దమ్మ కొంగు బిగించి కింది రాయి ముందు నిలబడింది. ఇది మా గల్లీకి కొత్త కాదు. పంచాయతీ ఉన్నప్పుడు ఒకసారి రోడ్డు వేయడానికి వచ్చినప్పుడు కూడా ఇట్లాగే నిలబడి, మేస్త్రీని తిట్టి, తర్వాత చాయ్ పోసి, రాళ్ల చుట్టూ రోడ్డు ఒంపు తిప్పించింది. ఇవాళ కూడా తిట్టడం మొదలైంది. చాయ్ గిన్నె కూడా పొయ్యి మీదే ఉంది.

బాపు అడ్డం వెళ్లాడు. "పెండ్లికి వచ్చినోళ్ల మీద లొల్లి చేసినట్టు చేస్తున్నవ్ వదినా. మా మంజుల సర్కారు పట్టికల రాయించింది. వాళ్లు దీన్ని పాడు చెయ్యరు, రోడ్డేసినంక మళ్ల పాతుతరు. పక్కకు జరుగు."

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను. అప్పటికి నేను నమ్మాను, నిజంగా.

జేసీబీ రెండు రాళ్లనూ ఎంతో జాగ్రత్తగా లేపింది. కింద గోనె సంచులు పరిచారు. ఎవరో పూలదండ తెచ్చి వేశారు. కమిషనర్ శ్రీదేవి మేడం ఫోటో దిగారు, "మంచి పని చేశావ్ మంజులా" అని భుజం తట్టారు. బాపు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. రాళ్లు ఎక్కించిన ట్రాక్టరు మూల తిరిగేదాకా అలాగే ఉన్నాడు.

తర్వాత నరేశ్ సార్‌ను అడిగాను, మళ్లీ ఎప్పుడు పాతుతారని.

"మళ్లా ఏంది? చారిత్రక కట్టడం అని పెట్టింది నువ్వే గదా. రోడ్డుకు అడ్డం వస్తే భద్రంగా తీసి పార్కుల పెట్టాలె. నియమం చదవలేదా?"

సన్న అక్షరాలు ఇప్పుడు చదివాను.

సెప్టెంబర్ 13

"సిమెంటు ఆరినంక పెడ్తరు గదా బిడ్డా?"

"ఆ, బాపు."

ఎందుకు అన్నానో తెలియదు. ఆయన అప్పుడు అన్నం తింటున్నాడు. తినేవాడితో చెప్పే మాట కాదది. రేపు చెప్తాను.

సెప్టెంబర్ 14

చెప్పలేదు.

సెప్టెంబర్ 22

గల్లీ పొడవునా సిమెంటు. నున్నగా, అద్దంలా ఉంది. పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. రాళ్లు ఉన్న చోట ఇప్పుడు మోరీ మీద కప్పిన సిమెంటు బిళ్లలు. కింద బోలు. అక్కడ రాయి పాతితే మోరీ పగులుతుందని నరేశ్ సార్ ఓపిగ్గా బొమ్మ గీసి చూపించాడు. నేనే ఆ మోరీకి కూడా నంబరు వేశాను. స్థితి: బాగుంది.

సెప్టెంబర్ 30

బతుకమ్మ. ఎవరూ నన్ను కలుపుకోలేదని కాదు. నేనే పోలేదు.

అక్టోబర్ 7

దసరా వెళ్లింది. బాపు తెల్లవారకముందే లేచి వాకిట్లో నిలబడుతున్నాడు. "ఇంక తడి ఉన్నదా?" అంటాడు. ఉందంటాను. సిమెంటు గట్టిపడే దాకా నీళ్లు పట్టాలి కదా అంటాను. అది నిజమే. పుస్తకంలో కూడా ఉంది.

మేడం మంచిది. అడిగితే కాదనదు. రాళ్లు తిరిగి ఇప్పించాక అంతా ఒకేసారి చెప్తాను. అప్పుడు కోపగించుకోవడానికి ఏమీ ఉండదు.

అక్టోబర్ 19

మా గల్లీ గుర్వయ్య కాక యంత్రం మీద చుట్టిన పడుగు బయటినుంచి తెచ్చుకున్నాడు. గల్లీలో తక్కినవాళ్లూ అదే దారి పట్టారు. "ఎన్ని రోజులు సూడాలె, కడుపుకు తెలుస్తదా?" అన్నాడు. తప్పు పట్టలేను. బాపును కూడా తెచ్చుకోమన్నాడు.

"నాది తయారున్నది. రాళ్లే రావాలె" అన్నాడు బాపు. అందరి ముందూ, నా వైపు చూసి నవ్వుతూ.

అక్టోబర్ 28

మేడం దగ్గరికి వెళ్లాను. నిలబెట్టకుండా కుర్చీ వేయించి మాట్లాడింది, చాయ్ తెప్పించింది. చారిత్రక జాబితాలోకి ఎక్కినవి తీయాలంటే పైనుంచి అనుమతి రావాలి, తీసినా పెట్టడానికి చోటు లేదు. అయినా ఎందుకు దిగులు? పార్కులో అవి వందేళ్లు భద్రంగా ఉంటాయి.

"నువ్వు లేకుంటే ఆ రాళ్లు ఎప్పుడో కంకరై ఉండేవి తెలుసా?" అంది.

తెలుసన్నాను. వంద మాటలు అనుకుని పోయాను. చాయ్ తాగి వచ్చాను.

అక్టోబర్ 29

రేపు చెప్తాను.

నవంబర్ 6

బాపుకు జ్వరం. ఈ స్థితిలో చెప్పడం పాపం.

నవంబర్ 11

జ్వరం తగ్గింది.

నవంబర్ 16

ఆఫీసు నుంచి మనిషి వచ్చి ఇంటికి కార్డు ఇచ్చి వెళ్లాడు. ఆదివారం పార్కు ప్రారంభం. పడుగు రాళ్ల దగ్గర పెద్ద నేతగాడు ధర్మయ్యకు, అంటే మా బాపుకు, శాలువాతో సన్మానం. నేను ఆఫీసులో ఉండగా ఇచ్చారు. నేను వచ్చేసరికి బాపు ఆ కార్డు సైదమ్మ పెద్దమ్మతో చదివించుకుని దేవుడి పటం వెనక పెట్టాడు.

"రాళ్లు ఇస్తున్నరట బిడ్డా! గింత పెద్దగ చేస్తరనుకోలె."

కార్డులో అలా లేదు. ఆయనకు అలాగే వినపడింది. నేను ఉతికిన ధోవతి తీసి ఇస్త్రీకి ఇచ్చి వచ్చాను. ఇది చేసిన చేతులు నావేనా అని చూసుకుంటున్నాను.

నవంబర్ 20

పోవద్దని చెప్పడానికి పొద్దున్నించి నోరు తెరుస్తూనే ఉన్నాను. పార్కు గేటు దగ్గర కూడా తెరిచి మూసుకున్నాను.

పార్కులో రెండు రాళ్లూ పక్కపక్కన. చేయి చాపితే రెండూ అందుతాయి. చుట్టూ ఇనుప కంచె, స్టీలు బోర్డు. "తాకరాదు." రాళ్లకు నల్లటి వార్నిషు కొట్టారు, మెరుస్తున్నాయి. నేను వేసిన నీలి నంబరు మీద మాత్రం వార్నిషు పడకుండా ఎంతో శ్రద్ధగా తప్పించారు.

బాపు మెడలో దండ వేశారు, శాలువా కప్పారు. ఆయన కంచె మీదుగా వంగి ఒక రాయిని చూశాడు, రెండో రాయిని చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు, ఎవరైనా నవ్వులాటకు చేశారేమో అన్నట్టు. రెండు మాటలు చెప్పమని మైకు నోటి ముందు పెట్టారు.

"గీ రెండు పక్కపక్కన పాతిన్రు. పడుగెట్ల పడ్తది?"

జనం నవ్వారు. మేడం కూడా నవ్వి చప్పట్లు కొట్టింది. ముసలాయన హుషారైన మనిషి అనుకున్నారు. బాపు ఆ చప్పట్లు అయ్యేదాకా ఆగి, నా కోసం వెతికాడు. నేను కుర్చీల వెనక ఉన్నాను. నేను దొరికాక ఆయన చూపు తిప్పుకోలేదు. కోపం ఉంటే బాగుండేది. జాతరలో తప్పిపోయిన పిల్లాడి కళ్లలా ఉన్నాయి ఆయన కళ్లు.

ఇంటికి నడుచుకుంటూ వచ్చాం. గల్లీ మొదట్లో ఆగాడు.

"నీకు ఎప్పటిసంది ఎర్క?"

"ఎత్తుకపోయిన నాడే."

"నాడే చెప్తే అయిపోతుండె గద బిడ్డా. బడి గ్రౌండ్ల రెండు గుంజలు పాతుకుందుము. నాకు రాళ్లే గావాల్నా? మీ అమ్మ పడుగు విప్పుకుంటే సాలు గదా."

నేను ఏడ్చాను. రోడ్డు మీదే, అందరూ చూస్తుండగా. రాళ్లు పోగొట్టింది నా తెలివితక్కువతనం, దాన్ని దేవుడు క్షమించినా క్షమిస్తాడు. కానీ రబ్బరు పట్టు మీద కరుగుతూ ఉంటే రోజుకొక అబద్ధం చెప్పింది నేను. బాపు తన భుజం మీది శాలువా తీసి నా మీద వేశాడు. చలికి అన్నట్టు.

నవంబర్ 21

బాపు ఎప్పట్లాగే "అన్నం తిన్నవా?" అంటున్నాడు. ఆ మాట కూడా అనకపోతే బాగుండును.

డిసెంబర్ 6

అమ్మ సంవత్సరీకం.

తెలతెలవారుతుండగా బాపు నన్ను లేపాడు. పెట్టె తీసి ఉంది; చీర ఎలాగూ అందదని పడుగును ఈ రోజుకే ఆపాడట. "పా. బడి దాంక ఎందుకు, మీ అమ్మ నిలవడ్డ జాగలనే విప్పుదాం" అన్నాడు. మీది రాయి ఉండే చోటు పక్కన కరెంటు స్తంభం ఉంది, దానికి ఒక కొస కట్టాడు. కింది కొసన కట్టడానికి ఏమీ లేదు. మోరీ బిళ్ల మీద నేను నిలబడి తాడు నడుముకు చుట్టుకున్నాను. సైదమ్మ పెద్దమ్మ పిలవకుండానే వచ్చింది, గుర్వయ్య కాక వచ్చాడు. ఇద్దరూ నా రెండు పక్కలా కర్ర పట్టుకుని వెనక్కి ఆనారు. ముగ్గురం కలిస్తే ఒక రాయి.

గల్లీ పొడవునా అమ్మ పడుగు లేచింది. ఏడాది తర్వాత బిగువుగా సాగింది. ఎరుపు మీద నల్లటి కట్లు, వరసగా, ఒక్కటీ వంకర లేకుండా. అమ్మ గోళ్ల సందుల్లో ఇంకా రంగు ఉన్నట్టే అనిపించింది నాకు.

బాపు మీది కొస నుంచి విప్పుకుంటూ వచ్చాడు. మొదటి కట్టు రాలేదు. రబ్బరు జిగురులా సాగింది. కత్తి మొనతో ఎత్తాడు, రబ్బరుతో పాటు పోగులు తెగి వచ్చాయి. రెండోదీ అంతే. సైదమ్మ పెద్దమ్మ "అయ్యో ఉప్పలమ్మా" అంది. మధ్యలో ఎక్కడో నాలుగైదు కట్లు బాగా విడిపోయాయి. అక్కడ తెల్లగా ఒక చిలక బయటపడింది. ముక్కు, మెడ, ఒక రెక్క. రెండో రెక్క ఉండాల్సిన చోట పోగులే లేవు.

బాపు ఆ చిలక దగ్గర కూర్చుండిపోయాడు. వేలితో దాని మెడ నిమిరాడు. ఇటు పోగులు పటపటమని తెగుతూనే ఉన్నాయి, నడుముకున్న తాడు కొద్దికొద్దిగా వదులవడం నాకు తెలుస్తోంది. నేను ఇంకా వెనక్కి లాగాను. లాగితే నిలుస్తుందనుకున్నాను.

"ఇడువు బిడ్డా" అన్నాడు అక్కడి నుంచి.

నేను వదల్లేదు.

"సూసిన. మీ అమ్మ కట్టిన చిలుకను సూసిన. సాలు. ఇగ ఇడువు."

గుర్వయ్య కాకే నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పాడు.

చీర లేదు. ఫోటో ముందు పెట్టడానికి బాపు ఆ పడుగును ఉన్నదున్నట్టే చుట్ట చుట్టాడు, విప్పని కట్లతోనే. అన్నం పెట్టాం. కాకికి కూడా పెట్టాం. కాకి వెంటనే వచ్చింది. అమ్మకు ఎవరి మీదా కోపం నిలిచేది కాదు.

డిసెంబర్ 7

బాపు గుర్వయ్య కాకతో వెళ్లి యంత్రం పడుగు తెచ్చుకున్నాడు. మగ్గం శబ్దం వినిపిస్తోంది. మామూలు శబ్దమే.

డిసెంబర్ 23

ఏడాది చివర మళ్లీ సర్వే. పట్టికలో ఉన్న ప్రతిదాని దగ్గరికీ వెళ్లి ఎలా ఉందో చూసి రాయాలి. బోర్లు, మోరీలు, కరెంటు స్తంభాలు. స్తంభం మీద పడుగు తాడు ఒరుసుకున్న గీత ఉంది. దాన్ని ఫోటోలో రానీయలేదు.

పార్కుకు ఆఖరున పోయాను. కంచె బయట బెంచీ మీద బాపు కూర్చుని ఉన్నాడు. మగ్గం దిగి రోజూ సాయంత్రం వస్తున్నాడట. నాకు తెలియదు. పక్కన కూర్చున్నాను.

"రాళ్లు ఎట్లున్నయ్ అని రాస్తున్నవా?" అన్నాడు.

"ఆ, బాపు."

"బాగున్నయ్ అని రాయి. వాటికేమైంది?"

రాశాను. స్థితి: బాగుంది. మిగిలిన ఆయుష్షు: వందేళ్లు. ఫోన్ ఇంకొకటి అడిగింది, దేనికి వాడుతున్నారని. బాపు వైపు చూశాను. ఆయన మీది రాయిని, దాని పక్కనే ఉన్న కింది రాయిని చూస్తూ ఉన్నాడు. అమ్మా ఆయనా ఎప్పుడూ గల్లీకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు నిలబడి, మధ్యలో అంత పొడవు దారాల మీదుగా ఒకరినొకరు కేకేసి పిలుచుకునేవాళ్లు.

ఆ గడి ఖాళీగా వదిలేసి, ఆయన చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.